జడ్జి పేరు దగ్గర పార్టీ పేరేంటండీ?

ప్రశ్న: మా అబ్బాయి నార్త్ కరోలినాలో, క్యారీలో ఉంటాడు. సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి ఓటేయబోతున్నాడు. శాంపిల్ బ్యాలెట్ వాట్సాప్‌లో పెడితే చూశా, అప్పీల్స్ కోర్టు జడ్జీలకి కూడా డెమొక్రాట్, రిపబ్లికన్ అని రాసుంది. అలా గెలిచినాయన తీర్పు ఎవరు నమ్ముతారండీ?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మన హైకోర్టు జడ్జీలని కొలీజియం సిఫార్సు మీద రాష్ట్రపతి వేస్తారు కాబట్టి మనకి వింతగానే ఉంటుందమ్మా. అమెరికాలోనూ ఫెడరల్ జడ్జీలకి, అంటే కేంద్ర కోర్టుల వాళ్లకి, ఎన్నికల్లేవు, రాష్ట్ర కోర్టులకే ఈ గోల, అదీ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. అక్కడ రాష్ట్రానికీ సొంత సుప్రీంకోర్టు ఉంటుంది, మీవాడి రాష్ట్రంలో దానికి ఏడుగురు, దాని కింది అప్పీల్స్ కోర్టుకి 15 మంది, టర్మ్ 8 ఏళ్లు.

తమాషా ఏంటంటే 2004 నుంచి కొన్నేళ్లు అక్కడ ఈ పదవులకి పార్టీ పేరు లేకుండానే ఎన్నికలు జరిగాయి. 2016లో అప్పీల్స్ కోర్టుకి మాత్రం పేర్లు తిరిగి పెట్టారు, రిపబ్లికన్లు అక్కడ అన్నీ గెలిచి, పేర్లు లేని సుప్రీంకోర్టు సీటు పోగొట్టుకున్నారు. ఇంకేముంది, ఆ డిసెంబర్లోనే చట్టసభలో మెజారిటీ ఉన్న వాళ్లే సుప్రీంకోర్టుకీ పార్టీ పేరు తగిలించేశారు. 2018లో అది కాస్తా బెడిసికొట్టింది, ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ముందే తేల్చే ఎన్నిక) ఎత్తేయడంతో అప్పటికప్పుడు డెమొక్రాట్ల నుంచి పార్టీ మారినాయన కూడా రిపబ్లికన్‌గా దిగాడు, ఓట్లు చీలాయి, డెమొక్రాట్ అనీటా ఎర్ల్స్ 50 శాతం రాకుండానే గెలిచారు. మన రెబల్ అభ్యర్థుల కథే అనుకోండి.

2024లో ఇంకా ఘోరం. సుప్రీంకోర్టు సీటుకి డెమొక్రాట్ ఆలిసన్ రిగ్స్ 734 ఓట్లతో గెలిస్తే ఓడిన రిపబ్లికన్ జెఫర్సన్ గ్రిఫిన్ 60 వేలకి పైగా ఓట్లు చెల్లవని కేసేశారు. ఆయన అప్పీల్స్ కోర్టు జడ్జి, కేసు వెళ్లింది ఆయన తోటి జడ్జీల దగ్గరికే, అక్కడ 2-1తో ఆయన వైపు తీర్పొచ్చింది కూడా! చివరికి 2025 మేలో ఫెడరల్ జడ్జి, అదీ ట్రంప్ వేసినాయనే, రిగ్స్ గెలుపు ఖాయం చేస్తేగానీ తేలలేదు.

అంటే మీ అనుమానం న్యాయమైందే. కాకపోతే పేరు చెరిపేస్తే పార్టీ పోతుందా అంటే నాకు నమ్మకం లేదు, విస్కాన్సిన్ రాష్ట్రంలో బ్యాలెట్ మీద పార్టీ ఉండదు, అయినా 2025లో ఒక్క సుప్రీంకోర్టు సీటుకి రెండు పక్షాలూ కలిసి పెట్టిన ఖర్చు 9 కోట్ల డాలర్లు దాటింది. ఎవరు ఎవరి మనిషో తెలిసి ఓటేయడమే కాస్త నయమని నా అభిప్రాయం, అసలు ఎన్నికే ఉండకూడదంటారా, అది వేరే చర్చ.

మీవాడికి ఒక్కటి చెప్పండి, అక్కడ ఒక్క గుర్తుతో పార్టీ మొత్తానికీ ఓటేసే పద్ధతి తీసేశారు, జడ్జీలు బ్యాలెట్లో బాగా కిందుంటారు, పైన ఓటేసి ఆపేస్తే వాళ్లకి పడదు.