తెల్లగా ఎండిన కప్పాఫైకస్‌తో ఫలితం ఎందుకు రావట్లేదంటే

తమిళనాడులోని మండపం తీరం నుంచి తెప్పించిన కప్పాఫైకస్ అనే సముద్రపు నాచును ఇథనాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని ప్లేటులో పెంచిన ఎలుక హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకశక్తికి సంబంధించిన భాగం) న్యూరాన్లకు ఇస్తే, సారం ఇవ్వని కణాలతో (కంట్రోల్‌తో) తేడా లేదని మీరు రాశారు. ముక్కలు తెల్లగా, సముద్రపు వాసన లేకుండా ఉన్నాయని కూడా రాశారు. నా అనుమానమంతా అక్కడే.

అది క్యారజీనన్ (ఆహారాన్ని చిక్కబరచడానికి నాచునుంచి తీసే జిగురు పదార్థం) కోసం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి కడిగిన సరుకై ఉంటుంది. అందులో మిగిలేది ప్రధానంగా క్యారజీనన్, సెల్యులోజ్. రెండూ ఇథనాల్‌లో కరగవు. కరిగే చిన్న అణువులు ఆ ఉడికించడంలోనే పోయాయి. ఇక సారంలోకి వచ్చేదేముంటుంది?

పచ్చి నాచు తెప్పించండి. ఇసుక పోయేలా సముద్రపు నీటితో, చివర్లో మంచినీటితో గబగబా ఒక్కసారి కడగండి, గంటలకొద్దీ నానబెట్టొద్దు. ఎండలో రంగు వెలిసిపోతుంది, రంగుతోపాటు సున్నితమైనవీ పోతాయి. ఫ్రీజ్ డ్రయ్యర్ (గడ్డకట్టించి తేమ తీసే యంత్రం) ఉంటే మేలు, లేకపోతే నీడలో గాలికి ఆరబెట్టండి. పొడిచేసి 95 శాతం ఇథనాల్‌లో, చీకట్లో, 24 గంటలు కలుపుతూ ఉంచండి. వడకట్టాక 40 డిగ్రీలు దాటకుండా ఆవిరి చేయండి.

ఎండిన నాచుమీద మెరిసే తెల్లటి పలుకులు ఎక్కువగా పొటాషియం క్లోరైడ్. నీళ్లు ఎక్కువున్న ఇథనాల్ వాడితే అదీ సారంలోకి దిగుతుంది. మీరు 10 మైక్రోగ్రాములని తూచినదాంట్లో కొంత ఉప్పే అవుతుంది, డోసు లెక్క తప్పుతుంది.

కణాలున్న ద్రావణం మిల్లీలీటరుకు సారం 1, 5, 15, 30 మైక్రోగ్రాములు వేసి చూడండి. సారాన్ని కరిగించే ద్రావణి డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటనివ్వకండి, కంట్రోల్‌లోనూ అంతే వేయండి. ఫలితం బాగా వచ్చినా అది ప్లేటులోని కణాలకే. తింటే మెదడుకు మంచిదని దాన్నిబట్టి చెప్పలేం.