తాడు కురచ కాదు

నాయనా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి పడుకోబోయే ముందు, రెండోసారి పొద్దున్నే పెన్సిలు చేత్తో పట్టుకుని. యాక్టిన్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకే నాకు ఎంతో సంతోషం. అయినా నీ మొదటి పేరా మొత్తం కొట్టేశాను. "యాక్టిన్ అనునది కండరములందు ఉండు ఒక మాంసకృత్తు" అని మొదలుపెట్టావు. మీ ఇంట్లో ఎవరితోనూ నువ్వు ఇట్లా మాట్లాడవు. ప్రోటీన్ అను, కండ అను. యాక్టిన్‌కి కొత్తగా తెలుగు పేరు పుట్టించే పని పెట్టుకోవద్దు. పేరు అట్లాగే ఉండనీ, అది చేసే పని చదివేవాళ్ళ కళ్ళకు కట్టాలి.

ఒంగోలు గిత్త గురించి రాసిన మాట కూడా తీసెయ్యాలి. "గిత్త బలానికి రహస్యం దాని యాక్టినే" అన్నావు. మన నేల మీద ప్రేమతో రాశావు, ఆ ప్రేమ నాకూ ఉంది. కానీ అది నిజం కాదు. కండలోని యాక్టిన్ 375 అమైనో ఆమ్లాల గొలుసు. ఆ వరుస గిత్త తొడలో, నీ తొడలో, పెరట్లో తిరిగే కోడి కాలిలో ఒక్కటే. పూస కూడా తేడా లేదు. గిత్తకు ఎక్కువున్నవి పక్కపక్కన పేర్చిన యాక్టిన్ దారాలు. ఎన్ని దారాలు పక్కపక్కన లాగితే అంత బలం. బండలాగుడు పందెంలో చెర్నాకోల గాల్లో లేచినప్పుడు గిత్త వెనక తొడ చూడు. చర్మం కింద కండ ఒక్కసారి గడ్డకట్టినట్టు పొంగుతుంది. అక్కడ లాగేది కోడిపిల్లలో ఉండే దారమే. నువ్వు రాసినదానికన్నా ఇది పెద్ద సంగతి అనిపించడం లేదూ?

ఇక అసలు తప్పు. మూడో పేజీలో "యాక్టిన్ దారాలు రబ్బరులా ముడుచుకోవడం వల్ల కండ పొట్టిదవుతుంది" అని రాశావు. సరిగ్గా ఇదే మాట నేను కూడా ముప్పై ఏళ్ళ కిందట అచ్చులో రాశాను. వారం తిరగకుండా కావలి నుంచి ఒక కాలేజీ మాస్టారు కార్డు రాశారు: "దారం ముడుచుకోదండీ, జారుతుంది." ఆ కార్డు చూసి రెండు రోజులు అన్నం సయించలేదు. తప్పు రాసినందుకు మాత్రమే కాదు, నాకు కనపడని దాన్ని కనపడినట్టు రాసినందుకు.

ఆ తర్వాత ఒక తెల్లవారుజామున కొత్తపట్నం ఒడ్డున వల లాగుతుంటే చూస్తూ నిలబడ్డాను. తాడు అరిచేతుల్లో బిగించి, మడమలు ఇసుకలో దిగేసి, వెనక్కి అడుగులేస్తున్నారు. చిట్టచివర ఉన్నతను తాడు వదిలి, నీళ్ళ అంచుకు నడిచి, అక్కడ మళ్ళీ పట్టుకుంటాడు. ఎప్పుడూ ఎవరో ఒకరు వదులుతున్నారు, కానీ తాడు ఒక్క క్షణం కూడా వెనక్కి జారడం లేదు. వల ఒడ్డుకు వస్తోంది. తాడు ఒక్క జానెడు కూడా కురచ కాలేదు.

కండలో జరిగేదీ ఇదే. తాడు యాక్టిన్, చేతులు మయోసిన్ అనే ఇంకో ప్రోటీన్. యాక్టిన్ నిజంగానే రెండు పోగులు పేనిన తాడులా ఉంటుంది. మందం ఏడు నానోమీటర్లు, అంటే పదివేల తాళ్ళు పక్కపక్కన పెడితే సుమారు ఒక వెంట్రుక మందం. మయోసిన్ తల దాన్ని పట్టుకుని, ఐదు నుంచి పది నానోమీటర్లు లాగి, వదిలి, ముందుకు పోయి మళ్ళీ పట్టుకుంటుంది. అన్నీ ఒకేసారి వదలవు. 1954లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు బృందాలు ఈ జారుడు సంగతిని బయటపెట్టాయి: ఒకటి హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది, రెండోది ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెలది. నువ్వు రాసినట్టు ఆ హక్స్‌లీలు అన్నదమ్ములు కారు, వాళ్ళకు ఏ బంధుత్వమూ లేదు. ఇట్లాంటివి ఊహించి రాయకు.

వదలడం దగ్గర కాసేపు ఆగు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. పట్టుకోవడానికి శక్తి కావాలని అందరం అనుకుంటాం. ఇక్కడ మయోసిన్ తల పట్టు వదలాలంటే ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు, వచ్చి దానికి తగులుకోవాలి. ప్రాణం పోయాక ఏటీపీ అయిపోతుంది, పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోతాయి. చేపల మార్కెట్లో వంజరాన్ని తోక దగ్గర పట్టుకుని అడ్డంగా ఎత్తి చూపిస్తారు కదా, కర్రలా నిలుస్తుంది. "బిగువు చూడన్నా, తాజాది" అంటారు. ఆ బిగువు వదల్లేకపోయిన కోట్లాది చేతులది. మర్నాటికి మెత్తబడుతుంది. ఏటీపీ తిరిగి వచ్చి కాదు, లోపలి నిర్మాణమే చెడిపోవడం మొదలై. మీ వీధిలో చేప కొనే ప్రతి మనిషికీ ఈ సంగతి చెప్పొచ్చు.

కాల్షియం, ట్రోపోనిన్, ట్రోపోమయోసిన్‌లకు నువ్వు రెండు పేజీలు ఇచ్చావు, నాలుగు వాక్యాలు చాలు. తాడు మీద ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ చేతులకు అడ్డుగా పడుకుని ఉంటుంది, కాల్షియం వచ్చి దాని పక్కనే ఉండే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుంటే అది పక్కకు జరుగుతుంది, చేతులకు తాడు అందుతుంది. రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్ళలో చాలామందికి పడనిది రొయ్యలోని ఈ ట్రోపోమయోసినే. రొయ్యల చెరువుల మధ్య బతికే మనకు దాని మీద వేరే వ్యాసం కావాలి, అదీ నువ్వే రాయి.

చరిత్ర భాగంలో పేర్లున్నాయి, మనుషులు లేరు. హంగరీలో సెగెడ్ అనే ఊరు, రెండో ప్రపంచ యుద్ధం రోజులు. శాస్త్రవేత్త సెంట్-గ్యోర్గీ ల్యాబులో ఇలోనా బంగా కండను ఉప్పు ద్రావణంలో నానబెట్టింది. ఇరవై నిమిషాల్లో తీస్తే పలచటి రసం వచ్చేది, రాత్రంతా వదిలేస్తే చిక్కగా తయారైంది. ఆ చిక్కదనం ఎక్కడిదని వెతికి 1942లో అదే ల్యాబులోని స్ట్రౌబ్ యాక్టిన్‌ను వేరుచేశాడు. యుద్ధం ముగిసేదాకా బయటి ప్రపంచానికి ఈ సంగతి పెద్దగా తెలియలేదు. తెల్లారి గిన్నె వంచితే రసం చిక్కగా జారిన ఆ పొద్దు నుంచి మొదలుపెట్టు.

చివరి భాగంలో, కండ దాటి మామూలు కణాల దగ్గరికి వచ్చేసరికి, వల తాడు పోలికను వదిలెయ్యి. అక్కడ అది పనికిరాదు. వల తాడు ఒకసారి పేనితే ఏళ్ళు ఉంటుంది. కణంలో యాక్టిన్ తాడు ఒక కొసన పేనుకుంటూ, మరో కొసన విడిపోతూ ఉంటుంది. నీ వేలికి ముల్లు గుచ్చుకుంటే తెల్లకణం అటు పాకేది ఇట్లాగే: ముందు అంచున కొత్త తాళ్ళు పుట్టి పొరను ముందుకు నెడతాయి, వెనక పాతవి ఊడి, ఆ ముక్కలే మళ్ళీ ముందుకొస్తాయి. దీనికి తగిన పోలిక నేను ఇంతవరకు కనిపెట్టలేదు. నీకు దొరికితే రాయి, దొరక్కపోతే ఉన్నదున్నట్టు చెప్పు.

వచ్చే ఆదివారం చీకటితోనే కొత్తపట్నం పో. నోటు పుస్తకం తీసుకెళ్ళు, ఫోన్‌లో వీడియో తియ్యకు. ఎవరు ఎప్పుడు తాడు వదులుతున్నారో, ఎంత దూరం నడిచి మళ్ళీ పట్టుకుంటున్నారో రాసుకో. ఆ కాగితాలు, తిరగరాసిన మూడో పేజీ కలిపి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న వయసు వాణ్ణి