సమాధానం: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో కిరందుల్‌కు విమానమా, రైలా?

మీరడిగింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఇనుప ఖనిజం గనుల్లో పనిచేసే తమ్ముడింటికి, అంటే కిరందుల్‌కు, హైదరాబాద్ నుంచి అమ్మను తీసుకెళ్లడం గురించి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి నా ఓటు విమానానికే. కిరందుల్‌లో విమానాలు దిగవు, జగదల్‌పుర్‌లో దిగాలి. హైదరాబాద్ నుంచి అక్కడికి ఉడాన్ పథకంలో (చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం) 2020 సెప్టెంబరులో సర్వీసు మొదలైంది. రోజులు, వేళలు మారుతుంటాయి, టికెట్ తీసేముందు చూసుకోండి.

ఆ రూట్లో నడిచేది ఏటీఆర్, చిన్న విమానం. వెనక తలుపు దగ్గరి మెట్లెక్కాలి, అందుకే బుకింగ్‌లోనే వీల్‌చెయిర్ కావాలని చెప్పండి. పైన సామాను పెట్టే అర ఇరుకు, చక్రాల సూట్‌కేసు పట్టకపోవచ్చు. ఆవకాయ సీసా మాత్రం చెకిన్ సామానులోనే పెట్టండి. చేతిసంచిలో ఉంటే శంషాబాద్ సెక్యూరిటీ దగ్గరే ఆపేయొచ్చు!

దిగాక గీదం మీదుగా కారులో మూడు గంటల దాకా పడుతుంది. కారు ముందే మాట్లాడమని తమ్ముడికి చెప్పండి, చీకటి పడేలోపు చేరేలా చూసుకోండి.

వానాకాలంలో మబ్బులు కిందికి దిగితే విమానం రద్దు కావచ్చు. తిరుగు ప్రయాణానికి మర్నాడే డాక్టర్ అపాయింట్‌మెంట్ లాంటివి పెట్టుకోకండి. విశాఖ నుంచి అరకు మీదుగా కిరందుల్ రైలుంది, ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది. చూడ్డానికి బాగుంటుంది గానీ వానల్లో కొండచరియలు విరిగిపడి ఆగిపోతుంటుంది. అమ్మగారితో ఆ టెన్షన్ ఎందుకు?