పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: లాడ్జి పుట్టిన ఏడు ఏది?

ప్రశ్న: మా ఊళ్లోని పాత ఫ్రీమేసన్ లాడ్జి (ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం స్థానిక శాఖ) తొలినాళ్ల చరిత్ర రాద్దామంటే ఒక్కోచోట ఒక్కో ఏడు కనిపిస్తోంది. పునాది రాయి మీద 58తో మొదలయ్యే అంకె ఉంది. ఫ్రేమ్ కట్టిన పత్రంలో ఇంకో ఏడు ఉంది. పెద్దలు మరొకటి చెబుతున్నారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం కంటోన్మెంట్

జవాబు: మూడూ నిజమే కావచ్చు. అవి మూడు వేర్వేరు సంగతుల తేదీలు. ముందు రాయి సంగతి తేల్చుకోండి. మేసన్లు సృష్టి మొదలు లెక్కగట్టే 'వెలుగు సంవత్సరం' వాడతారు, అంటే క్రీస్తుశకానికి 4000 కలుపుతారు. ఉదాహరణకు 5893 అని చెక్కి ఉంటే అది 1893. అయితే అది భవనానికి శంకుస్థాపన జరిగిన ఏడు మాత్రమే. సొంత గూడు కట్టుకోకముందు లాడ్జి ఏళ్ల తరబడి అద్దె బంగళాలో నడిచి ఉండొచ్చు.

ఫ్రేములో ఉన్నది బహుశా వారంటు. ఏడుగురికి తక్కువ కాకుండా మాస్టర్ మేసన్లు (మూడో మెట్టు చేరిన సభ్యులు) అర్జీ పెట్టుకుంటే, లాడ్జులన్నిటిపై ఉండే గ్రాండ్ లాడ్జి ఇచ్చే అనుమతి పత్రమది. ధాన్యం, ద్రాక్షసారా, నూనె, ఉప్పులతో జరిపే లాడ్జి ప్రారంభ ప్రతిష్ఠ ఆ తర్వాత నెలలకు కూడా జరగొచ్చు. పెద్దలు చెప్పే ఏడు చాలాసార్లు ఈ ప్రతిష్ఠదే అయి ఉంటుంది. పుట్టిన తేదీగా వారంటు తేదీనే వేయండి, మిగతా రెంటినీ వాటి పేర్లతోనే పక్కన రాయండి.

నంబరు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు గ్రాండ్ లాడ్జులు మూడూ మన దేశంలో వారంట్లు ఇచ్చాయి, ఎవరి వరుస నంబర్లు వారివే. నంబరు పక్కన ఈ.సీ., ఎస్.సీ., ఐ.సీ. (వరుసగా ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు గుర్తులు) అని ఏముందో చూడకుండా వెతికితే వేరే ఊరి లాడ్జి చరిత్ర మీ చేతికొస్తుంది. పైగా ఇంగ్లండు వాళ్లు 1814, 1832, 1863లో నంబర్లన్నీ తిరగరాశారు. 1961 నవంబరు 24న గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడ్డాక అందులో చేరిన లాడ్జులకు మళ్లీ కొత్త నంబర్లు వచ్చాయి. ఇంగ్లండు లాడ్జి అయితే 'లేన్స్ మేసనిక్ రికార్డ్స్' ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. మారిన నంబర్లు, సమావేశమైన చోట్లు, లాడ్జిని జాబితాలోంచి కొట్టేస్తే ఆ సంగతి, అన్నీ అందులో ఉంటాయి. కొట్టేశారా అన్నది తప్పక చూడండి. స్థాపకులు పటాలం వాళ్లైతే, అది బదిలీ కాగానే అంతా ఒక్కసారే వెళ్లిపోయేవారు, చందా కట్టే నాథుడు ఉండేవాడు కాదు. తర్వాత అదే ఊళ్లో కొత్త వారంటుతో మొదలైనది వేరే లాడ్జి. ఆ రెంటినీ అతికించి 'నూరేళ్లుగా నిరాటంకంగా' అని రాయకండి.

ప్రశ్న: శ్రీకాకుళం లాడ్జి గురించి పాత విశాఖ జిల్లా కాగితాల్లో ఏమీ దొరకడం లేదు. ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మీరు గంజాం జిల్లా కాగితాలు చూడాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిపోయేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలోనే ఉండేది. విశాఖలో చేరింది అప్పుడే, సొంత జిల్లా అయింది 1950 ఆగస్టు 15న. ఊరి పేరు కూడా 'చికాకోల్' అని వెతకండి. స్థలం దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకం (స్థిరాస్తి దస్తావేజుల రిజిస్టరు) ఇండెక్సులు అడగండి. ఇండెక్సు 1 మనుషుల పేర్లతో, ఇండెక్సు 2 ఆస్తి వివరాలతో ఉంటుంది. స్థలం లాడ్జి పేరున కాకుండా ట్రస్టీల పేరున ఉండే వీలుంది కాబట్టి రెండూ చూడాలి. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) అంత వెనక్కి పోదు.

ప్రశ్న: మా లాడ్జి మినిట్స్ పుస్తకం (సమావేశాల రికార్డు) ఠావులు పెళుసెక్కి విరిగిపోతున్నాయి. లామినేషన్ చేయించొచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వద్దు. ఆ వేడికి, జిగురుకు కాగితం మళ్లీ కోలుకోదు. సెల్లో టేపూ అంటించకండి, ఏళ్లు గడిచాక పసుపు మరక మిగిలి అక్షరాలు పోతాయి. పుస్తకాన్ని పూర్తిగా విప్పకుండా రెండువైపులా దిండ్లు పెట్టి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా పేజీ పేజీకీ ఫొటో తీయండి. పేజీ నంబర్లు పెన్సిలుతోనే వేయండి. మొదటి సమావేశం పేజీని మాత్రం ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోండి. హాజరైన అతిథుల పేర్ల పక్కన వాళ్ల లాడ్జి పేరు, నంబరు ఉంటాయి. మీ లాడ్జి ఏ లాడ్జి కడుపున పుట్టిందో తెలిసేది సాధారణంగా అక్కడే.