ఈ కాంచ్లీ రవిక వయసెంత? – పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

పాత చేనేత వస్త్రాలు, గిరిజనుల సంప్రదాయ దుస్తుల సేకరణ గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం తిరుపతి, చిత్తూరు పాఠకులవే. వాటిలో అయిదింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. మదనపల్లె వైపు ఒక సుగాలీ తండా నుంచి వచ్చిందంటూ ఒక వ్యాపారి నాకు అద్దాలు, గవ్వలు, నాణేలు కుట్టిన పాత రవికను అమ్మాడు. నూరేళ్ల నాటిదని అన్నాడు. నిజమేనా? దాన్ని ఉతికించి, పటం కట్టించి హాల్లో పెట్టుకోవచ్చునా? (తిరుపతి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మాస్టారూ, మీరు పంపిన ఛాయాచిత్రాలలో రెండవదాన్ని పెద్దది చేసి చూశాము. ఎడమ చేతి అంచున, గవ్వల వరుస కింద, ఆరు పలకల తెల్లని నాణెం ఒకటి ఉన్నది. దాని మీద మూడు అంకె స్పష్టంగానే కనిపిస్తున్నది. అది అల్యూమినియం మూడు పైసల బిళ్ల. మన దేశంలో 1964లో గాని ఆ బిళ్ల పుట్టలేదు. దాని పక్కనే ఉన్నది నడుమ చిల్లున్న రాగిరంగు కాణీ, అంటే యుద్ధకాలంలో మొదలై 1943 నుంచి 1947 వరకు ముద్రించినది. చిల్లికాణీకి విలువ లేదని మనం సామెతగా అంటాము గాని, దారం దూర్చడానికి చిల్లు సిద్ధంగా ఉన్న ఆ కాణీ కుట్టుపని చేసే స్త్రీలకు ఎంత అనువైనదో ఊహించుకోండి.

అయితే నాణెం చూసి వ్యాపారి అబద్ధమాడాడని వెంటనే తేల్చవద్దు. సుగాలీ స్త్రీలు గుడ్డ చిరిగిపోయినా కుట్టును పారవేయరు. బాగున్న కుట్టుపనిని కత్తిరించి తీసి, కొత్త గుడ్డకు అతికి మళ్లీ తొడుగుతారు. అందుచేత వీపు తెరిచి ఉండే కాంచ్లీ అనే ఈ రవికకు, ఫేటియా అనే లంగాకు, తల మీది టుక్రికి తరచుగా ఒక వయసు కాక మూడు వయసులు ఉంటాయి: కుట్టుపనిది ఒకటి, అడుగు గుడ్డది ఒకటి, నాణేలది ఒకటి. మీ కాంచ్లీ ఇప్పుడున్న రూపానికి 1964 తర్వాతనే వచ్చిందని నాణెం చెబుతున్నది. భుజం మీది కుట్టుపని అంతకంటే ముందుదా కాదా అన్నది విడిగా చూడాలి.

ఎలా చూడాలంటే, భూతద్దం పెట్టుకుని ముందు బట్టను తిరగేయండి. వెనుకవైపు దారం రంగు ముఖం వైపు రంగు కంటే చాలా ముదురుగా ఉంటే, ఆ భాగం ఎండలో ఎన్నో ఏళ్లు తిరిగిందన్నమాట. రెండు వైపులా ఒకే విధంగా వెలిసిపోయి ఉంటే టీ డికాషన్‌లోనో బ్లీచింగులోనో ముంచి పాతదనం తెప్పించారేమోనని అనుమానించాలి. చేత్తో కోసిన పాత అద్దపు ముక్కలు ఒకదాని కొలత ఒకదానికి కలవవు, కొన్ని కొద్దిగా ఉబ్బెత్తుగా కూడా ఉంటాయి. యంత్రంతో కోసినవి ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. లోపలి అంచు నుంచి ఊడిన దారపు పోగు ఒకటి తీసి వెలిగించండి: నూలు కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది. తడిపిన తెల్లని దూదిని ఎరుపు మీద, కనబడని చోట, మెల్లగా అద్దినప్పుడు గులాబీ రంగు అంటితే అది చాలావరకు కృత్రిమ రంగే. కృత్రిమ రంగు మొదటిసారిగా 1856లో తయారైంది. మొక్కల వేళ్ల నుంచి తీసే ఎరుపును ప్రయోగశాలలో చేయడం 1860ల చివర సాధ్యమైంది. కాబట్టి రసాయన రంగు ఉన్నంత మాత్రాన బట్ట నిన్నటిదని కాదు. నీలి విషయంలో ఈ దూది పరీక్ష పనికిరాదు, ఎందుకంటే అసలైన నీలిమందు కూడా చేతికి అంటుతుంది.

ఉతికించవద్దు. మెత్తని గుడ్డ వల పరిచి, దాని మీదుగా వాక్యూమ్ క్లీనరుతో తక్కువ వేగంలో దుమ్ము తీస్తే చాలు. పటం కట్టించదలిస్తే అద్దం బట్టకు తగలకూడదు, కిటికీ ఎండ పడకూడదు. వెలిసిన రంగు ఇక తిరిగి రాదు. ఇక మాకు అన్నిటికంటే బాధ కలిగించినది మీ ఉత్తరంలోని మరొక మాట: ఏ తండా అని అడిగితే వ్యాపారి "ఏదో అటువైపు" అన్నాడని రాశారు. కుట్టినవారెవరు, తొడిగినదెవరు, పెళ్లికా తీజ్ పండుగకా అన్నవి తెలిసిన యాభై ఏళ్ల కాంచ్లీ, ఏమీ తెలియని నూరేళ్ల కాంచ్లీ కంటే మా దృష్టిలో ఎక్కువ. వీలైతే ఆ వ్యాపారిని మళ్లీ కలిసి, తండా పేరైనా రాబట్టి, పుస్తకంలో రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా తాతగారి ఇంట్లో శ్రీకాళహస్తి కలంకారీ తెర ఒకటి దొరికింది. నల్ల గీతలున్న చోట్లనే గుడ్డ పొడిగా రాలిపోతున్నది, ఎర్రని చోట్ల గట్టిగానే ఉన్నది. వెనుక గుడ్డ వేసి జిగురుతో అతికించవచ్చునా? (చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అతికించవద్దమ్మా. మీరు గమనించినది చాలా సరైన విషయం. ఆ నలుపే ఆ గుడ్డను తింటున్నది. కాళహస్తి పనిలో గుడ్డను ముందుగా కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును, బెల్లాన్ని నీళ్లలో కొన్ని వారాలు పులియబెట్టిన కసిమిని కలంతో దాని మీద గీసిన మరుక్షణం, కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి నలుపు పుడుతుంది. ఎరుపు పటిక మీద పట్టేది గనుక దానిలో ఈ చిక్కు లేదు. నలుపులోని ఇనుము మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా చెమ్మ తగిలితే, నూలు పోగును లోలోపల విరిచివేస్తుంది. దాన్ని నేరుగా చేతులతో ఎత్తకుండా, పళ్లెంలో పెట్టినట్లు అడుగున అట్ట పెట్టి కదిలించండి.

జరిగిన నష్టాన్ని వెనక్కి తీసుకురాలేము గాని, దాన్ని నెమ్మదింపచేయవచ్చు. గంజి పోయేదాకా ఉతికి ఆరబెట్టిన, రంగు వేయని మార్కీను గుడ్డను అడుగున పరిచి, లావాటి అట్టగొట్టానికి అదే గుడ్డ చుట్టి, చిత్రం పైవైపు ఉండేలా వదులుగా చుట్టండి. మడత పెట్టిన చోటనే గీత విరుగుతుంది. ప్లాస్టిక్ సంచి వద్దు, కలరా ఉండలు బట్టను తాకకూడదు. మనకు అక్టోబరు, నవంబరు వానలలో బీరువా లోపల చెమ్మ చేరుతుంది కనుక ఆ రెండు నెలలు వారానికొకసారి తలుపు తెరిచి చూడండి. కుట్టుతో ఆధారం వేయించాలంటే దర్జీ దగ్గరకు కాక, వస్త్ర పరిరక్షణ నేర్చినవారి దగ్గరకే తీసుకువెళ్లండి. లక్నోలోని జాతీయ పరిరక్షణ ప్రయోగశాలకు మైసూరులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది, ముందు ఛాయాచిత్రాలు పంపి సలహా అడగవచ్చు.

ప్రశ్న: నూరేళ్లు దాటిన ఒక శాలువాను అమెరికాలో ఉన్న మా అమ్మాయికి పంపవచ్చునా? (తిరుపతి)

సమాధానం: కుదరదు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళావస్తువు పురావస్తువే, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. నూరేళ్లు నిండలేదని మీకు నమ్మకం ఉంటే భారత పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకుని పంపండి. శాలువాకు పక్షి ఈకలు, దంతం, కొమ్ము వంటివి ఉంటే వన్యప్రాణి చట్టం సంగతి వేరుగా చూసుకోవాలి.

ప్రశ్న: ఒక ప్రదర్శనలో నాగా శాలువా కొన్నాను, నడుమ తెల్లని పట్టీలో ఏనుగు, పులి, మనిషి తల బొమ్మలున్నాయి. చేనేతేనా? మా అబ్బాయి కళాశాల వార్షికోత్సవంలో కప్పుకుంటానంటున్నాడు. (చిత్తూరు)

సమాధానం: అది నాగాలలో ఒక తెగ అయిన ఆవోల వీరుల శాలువా, త్సుంగ్‌కోతెప్సు నమూనా. స్త్రీలు నడుముకు కట్టుకునే మగ్గం మీద నేస్తారు. ఆ మగ్గం వెడల్పు తక్కువ గనుక శాలువాను మూడు ముక్కలుగా నేసి కలిపి కుడతారు. మీ శాలువాలో నిలువునా రెండు కుట్టు అతుకులు కనబడకపోతే, అది మరమగ్గం మీద ఒకే పన్నాగా వచ్చిన నకలు కావచ్చు. తెల్లపట్టీ మీది బొమ్మలు నేసినవి కావు, మగవారు నల్లరంగుతో గీసినవి. ఒకప్పుడు శత్రువు తల తెచ్చిన వీరుడో, మిథున్ పశువును బలిచ్చి ఊరికి విందు పెట్టిన ధనికుడో తప్ప మరొకరు దాన్ని కప్పుకోవడానికి వీలులేదు. నకలైతే ఇక్కడ అడ్డుపడేవారు ఉండకపోవచ్చు. అయినా మన ఊళ్లో ఎవరో దారినపోయేవాడు పట్టాభిషేకం నాటి కిరీటం పెట్టుకుని నాటకమాడితే మనకెలా ఉంటుందో మీ అబ్బాయిని ఆలోచించమనండి. వేడుకకు వేరే శాలువా కప్పుకోవడమే మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: మా ఊరి పక్క తండాలో ఒక అవ్వ దగ్గర పెళ్లినాటి ఫేటియా ఉన్నది. ఆమె ఇవ్వనంటున్నది, మనవరాలు అమ్ముతానంటున్నది. కొనవచ్చునా? (మదనపల్లె)

సమాధానం: కొనవద్దు. అవ్వ ఇవ్వనన్నది గదా, ఆ ఫేటియా సంగతి అక్కడితో సరి. ఆమె ఒప్పుకుంటే ముందువైపు, వెనుకవైపు కుట్లను ఛాయాచిత్రాలు తీసి, ఒక ప్రతి ఆమె ఇంటికే ఇవ్వండి. ఆమెకు చూపు ఆనితే, లేదా ఆమె నేర్పిన వాళ్లు తండాలో ఉంటే, ఒక చిన్న కాంచ్లీ కొత్తగా కుట్టించుకోండి. బేరమాడకుండా ఆమె అడిగిన కూలి ఇవ్వండి. కుట్టిన అవ్వ పేరు, తండా పేరు, నెల, సంవత్సరం ఒక నూలు పట్టీ మీద రాయించి, లోపలి అంచుకు రెండు వదులు కుట్లతో పట్టించండి. బట్ట మీద నేరుగా సిరాతో ఏమీ రాయవద్దు.