లంక ఊళ్లకు వెళ్తానంటున్న మేనకోడలికి

అమ్మడూ,

పీహెచ్‌సీలో మానసిక వైద్యం మొదలుపెడుతున్నావని, వారానికోసారి లంక ఊళ్లకు కూడా వెళ్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో పాటు టెన్షన్ కూడా పట్టుకుంది.

మానసిక కేసులు చూసినందుకు అదనపు డబ్బు, అదే ఇన్సెంటివ్, కోసం దరఖాస్తు పెడితే ఏమనుకుంటారో అని మొహమాటపడుతున్నావట. ఎందుకే మొహమాటం? జ్వరం కేసు ఐదు నిమిషాల్లో తెమిలిపోతుంది. బతకాలని లేదు డాక్టరుగారూ అన్నవాళ్ల దగ్గర అరగంటైనా కూర్చోవాలి. ఇద్దరికీ ఒకే లెక్కయితే, బయట అంత జనం ఉండగా ఎవరైనా జ్వరాలే చూస్తారు. ఇంగ్లండులో 2004 నుంచి, తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్ల పేర్లు రిజిస్టర్లో ఉంచి, వాళ్ల బాగోగులు చూసే ఫ్యామిలీ డాక్టర్లకు పాయింట్ల లెక్కన అదనంగా ఇస్తున్నారు. వాళ్లకు లేని సిగ్గు నీకెందుకు?

కానీ దేనికి డబ్బిస్తారో చూసుకో. 1996 తుపాను తర్వాత కొన్నేళ్లకు ఒక సంస్థ మన వైపు శిబిరాలు పెట్టింది. డాక్టర్లకు కొత్త కేసుకింత అని ఇచ్చేవారు. నా పీహెచ్‌సీ పక్క ఊళ్లో ఒక కొబ్బరి దింపు కుర్రాడుండేవాడు. చెవిలో ఎవరో తిడుతున్నారని చెట్టెక్కడం మానేశాడు. శిబిరంలో మందులిచ్చారు. రెండు నెలలకు మనిషి తేరుకున్నాడు, మళ్లీ మోకు భుజాన వేసుకుని పనికెళ్లాడు. ఈలోగా శిబిరం ఇంకో ఊరికి పోయింది. ఈ ఊళ్లో కొత్త కేసులు అయిపోయాయి కదా! మందులు అయిపోయాయి, అడిగే దిక్కు లేదు. నా దగ్గరికి తెచ్చేసరికి ఎడమ కాలి మడమ పైన తాడు ఒరుసుకుని పుండు పడింది. జబ్బు తిరగబెడితే ఇంట్లోవాళ్లు పశువుల పాకలో రాటకి కట్టేశారట. వాళ్లమ్మ ఆ పుండు మీద ఈగలు తోలుతూ కూర్చుంది. సంస్థ రిపోర్టులో మాత్రం ఆ కుర్రాడు "చికిత్స పొందినవాడే". నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే చెప్తున్నా. మూడో నెల, ఆరో నెల, ఏడాది తర్వాత తిరిగొచ్చినవాళ్లకి లెక్క కట్టమను. రానివాళ్ల ఇంటికి వెళ్లడానికి పడవ ఖర్చు, ఆటో ఖర్చు రాయించు. ఏ ఇంట్లో ఎవరు అన్నం మానేశారో ముందు తెలిసేది ఆశా వర్కర్‌కే, ఆవిడకీ వాటా ఉండాలి. ఆర్డరు కాగితం లేకుండా నీ జీతం డబ్బులు పెట్టకు. మందుల స్టాకు చూసుకో.

పురుగుమందు తాగినవాళ్ల సంగతి పోలీసు కేసవుతుందని ఇంట్లోవాళ్లు దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అలాంటివాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పు. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద పెద్దక్షరాలతో రాయించు.

గోదారికి ఎర్రనీరు, అంటే వరద నీరు, వచ్చాక మాత్రం పడవెక్కకు. ఎవరు ఎంత బతిమాలినా సరే, ఫోన్లో మాట్లాడు. నువ్వు మొండిదానివని తెలుసు, అందుకే ఇంతగా చెప్తున్నా తల్లీ. మీ తాతయ్య ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు.

దరఖాస్తు పంపేముందు నాకు చూపించు. కొత్త కేసులకే డబ్బు అని ఎక్కడైనా ఉంటే కొట్టేయిద్దాం.

మీ మావయ్య