ఎక్సోజోమ్స్ సంగతి తర్వాత, ముందు స్కాన్ చేయించండి

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. ఐదు వారాల క్రితం టీబీ మెనింజైటిస్ (మెదడు పొరలకు టీబీ) అని తేలింది. ముఖం ఉబ్బుతోందని స్టెరాయిడ్ మాత్రలు మానేశాడు. తలనొప్పి మళ్లీ మొదలైతే మెడికల్ షాపులో అవే కొని రెండు రోజులు వేసుకున్నాడు. కణాలు వదిలే ఎక్సోజోమ్స్ వల్ల మెదడులో వాపు పెరుగుతుందని చదివాను. ఆ పరీక్ష, ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతాయి? ఈ మధ్య పొద్దున్నే వాంతులు, వస్తువులు రెండుగా కనిపించడం కూడా ఉన్నాయి.
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: మీరు చివర్లో రాసిన వాక్యం మొదట రాయవలసిందమ్మా. ఈ జబ్బులో పొద్దుటి వాంతులు, వస్తువులు రెండుగా కనిపించడం మెదడులో నీరు చేరి ఒత్తిడి పెరుగుతోందనడానికి గుర్తులు కావచ్చు. రోగిని చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ ఇది చదివిన రోజే తిరుపతిలోని రుయా ఆస్పత్రికో స్విమ్స్ ఆస్పత్రికో, లేదా వేలూరుకో తీసుకువెళ్లండి. మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి. డిశ్చార్జి కాగితాలతో పాటు వాడిన మాత్రల ఖాళీ అట్టలు కూడా పట్టుకెళ్లండి.

ముఖం ఉబ్బడం ఇబ్బందే, కాదనను. అయినా ఈ జబ్బులో స్టెరాయిడ్‌ను సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మోతాదు తగ్గించుకుంటూ ఆపుతాం. ఉన్నట్టుండి మానేస్తే వాపు తిరగబెట్టవచ్చు, బీపీ పడిపోవచ్చు. ఏ వారానికి ఎంత మోతాదో షాపులో కుర్రవాడికి ఎలా తెలుస్తుంది? పాత చీటీ చూపించి మందులు తెచ్చుకునే అలవాటు మన దగ్గర మరీ ఎక్కువైంది. నా ఓపీకి ఇలాంటివారు రాని వారం లేదు. టీబీ మందులు కూడా మానేశాడా? మీరు రాయలేదు. అవి మామూలుగా 9 నుంచి 12 నెలలు వాడాలి, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆ మందులు వాడుతుండగా కళ్లు పచ్చబడితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.

మీరు చదివింది తప్పేమీ కాదు. ఎక్సోజోమ్స్ అంటే కణాలు వదిలే, సుమారు 30 నుంచి 150 నానోమీటర్ల అతి చిన్న సంచులు. మెదడులోని మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు రెచ్చిపోతే, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి వాపు సంకేతాలను ఇలాంటి సంచుల్లో పెట్టి వదులుతాయి. మూలకణాల (స్టెమ్ సెల్స్) నుంచి తీసిన సంచులేమో ఎలుకల్లో వాపును తగ్గించాయి. లోపల ఏముందన్నదాన్ని బట్టే మేలైనా కీడైనా. మీ తమ్ముడి చికిత్సను నిర్ణయించే ఎక్సోజోమ్ పరీక్ష ఇంకా వాడుకలోకి రాలేదు. ఇంజెక్షన్ల జోలికి అసలే వెళ్లకండి. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో అవి వేయించుకున్నవారికి తీవ్రమైన దుష్ఫలితాలు కలిగాయని 2019లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

స్కాన్‌లో నీరు కనిపిస్తే న్యూరోసర్జన్ చూడవలసి రావచ్చు. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్లకు బయలుదేరే ముందే చెప్పి ఉంచండి.